రాగి చుట్టు పక్కన కుర్చీ

కొండకొన మీది ఆ రాతిగది పేరెత్తితే ఆ దీవిలో ఇప్పటికీ మాట మార్చేస్తారు. షెట్లాండ్ దీవుల్లో చిట్టచివరిది ఆ దీవి. చలికాలం మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది. ఆ తర్వాత గొర్రె తప్పిపోయినా సరే, అటువైపు ఎవరూ పోరు.

రేడియో పెట్టుకుని ఏళ్లతరబడి అక్కడే గడిపిన ఐజక్ పోయింది ఆ గదిలోనే. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతికింద టక్‌టక్ మని కబుర్లు పంపే మోర్స్ మీట... కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గాలి పడిపోయిన రాత్రుల్లో లోపల్నించి టక్... టక్‌టక్... అని ఇప్పటికీ వినబడుతుందంటారు.

రేడియో పిచ్చి ఉన్నవాడెవడైనా పోతే, అతని సామాను మళ్లీ అదే పిచ్చి ఉన్నవాళ్లకే అమ్మడం అక్కడి ఆనవాయితీ. అలా ఐజక్ గదీ, అందులోని యాంటెన్నా అదే దీవిలో ఉండే ఇంగా చేతికి వచ్చాయి. ఆ యాంటెన్నా కోసం నిలువెత్తు రాగి గొట్టాన్ని గుండ్రంగా చుట్టులా వంచి, దాని లోపల ఇంకో చిన్న చుట్టు బిగించాడు ఐజక్. ఇంగా అతి జాగ్రత్త మనిషి. రేడియోలో మాట పంపేటప్పుడు చుట్టుకి దగ్గరగా కూర్చోకూడదని, ముందుగా రేడియో బల్లని గుమ్మం వైపుకి జరిపించింది. కుర్చీని ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. అది చుట్టు పక్కనే ఉండిపోయింది.

తీరా చూస్తే, ఆ యాంటెన్నాకీ రేడియోకీ పొత్తు కుదరలేదు. పంపిన శక్తి గాల్లోకి పోకుండా వెనక్కి తన్నుకొస్తోంది. మీటరు సూది ఒకటి మీద నిలిస్తే పొత్తు కుదిరినట్టు; ఎర్రగీత దాటగానే రేడియో తనంతట తానే నోరు మూసుకుంటోంది, వినడం తప్ప పంపడం లేదు. చలి తగ్గాక చూద్దాంలే అని ఇంగా వదిలేసింది.

ఆ శుక్రవారం మాత్రం వదిలేయడానికి వీల్లేకపోయింది.

ఆమె కూతురు ఆస్లా పెద్ద దీవిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. పొద్దున రేవు నుంచి ఫోన్ చేసింది — "పడవెక్కుతున్నానమ్మా." అంతే... సముద్రం అడుగున ఫోను తీగ తెగింది. తుఫాను లేచింది. ఇంగా ఇంటి మీది యాంటెన్నా స్తంభంతో సహా కూలిపోయింది. మధ్యాహ్నానికి రావలసిన పడవ చీకటి పడ్డా రాలేదు.

ఇక మిగిలింది ఆ గది ఒక్కటే.

పక్కింటి ముసలాయన లౌరీ ట్రాక్టర్ మీద తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికొచ్చి టార్చి పట్టుకో, లౌరీ."

"ఇక్కణ్ణుంచి కూడా వెలుగు పడుతుందిలే, పిల్లా."

"తిమింగలాల్ని వేటాడానని కోతలు కోస్తావుగా?"

"తిమింగలాలు చచ్చాక ఊరుకుంటాయి."

గొణుక్కుంటూనే వచ్చాడు. ఇంగా రేడియో పెట్టింది. హోరు... హోరులోంచి ఓ గొంతు. పెద్ద దీవిలో ఉండే రాస్మీ, ఆమె పాత రేడియో నేస్తం.

"ఇంగా... వింటున్నావా? పడవ సంగతి తెలిసింది. నీ జవాబు వస్తేగానీ చెప్పను. అందరూ వింటున్నారు... ఇంగా?"

ఒక ఇంటి సంగతి ఆ ఇంటివాళ్లకన్నా ముందు ఊరికి తెలియకూడదు. రేడియోవాళ్ల మర్యాద అది. ఇంగాకి తెలుసు. అయినా... మంచి కబురైతే దాచడమెందుకు?

మైకు మీట నొక్కింది. సూది ఎర్రగీత దాటింది. రేడియో నోరు మూసుకుంది.

కేబులు రెండు కొసలూ విప్పి, తుడిచి, బిగించింది. చుట్టు పైనున్న, శ్రుతి సరిచేసే కెపాసిటర్‌ని ఇటూ అటూ తిప్పింది. సూది దిగదు. రాస్మీ గొంతు మాత్రం వస్తూనే ఉంది — "ఇంగా... ఇంగా..."

"లౌరీ, నేను చుట్టు దగ్గరికెళ్తాను. నువ్వు మీట నొక్కి, సూది చూస్తూ ఉండు."

కుర్చీ పక్కన వంగి కేబులు తడిమింది.

"పడిపోయింది!" లౌరీ అరిచాడు. "సూది... ఒకటి దగ్గరికొచ్చేసింది!"

ఇంగా ఒక్క ఉదుటున బల్ల దగ్గరికొచ్చింది. సూది మళ్లీ పైకి లేచిపోయింది.

మళ్లీ వెళ్లింది... దిగింది. వచ్చింది... లేచింది.

"ఇది వాడి పనే," లౌరీ గుసగుసలాడాడు. "నిన్ను ఆ కుర్చీ దగ్గరికి పిలుస్తున్నాడు... పోదాం పద, పిల్లా."

ఇంగా కదల్లేదు. ఆలోచిస్తోంది. ఇన్నేళ్లూ ఐజక్ ఎక్కడ కూర్చున్నాడు? చుట్టుని ఆనుకుని, ఆ కుర్చీలోనే. చిన్న చుట్టుని సరిచేసుకున్నదీ అందులో కూర్చునే. పక్కన మనిషి ఒళ్లుంటే చుట్టు లెక్క మారిపోతుంది. ఆ యాంటెన్నాకి పొత్తు కుదిరేది కుర్చీలో మనిషి ఉంటేనే!

"లౌరీ... ఆ కుర్చీలో కూర్చో."

"చంపినా కూర్చోను."

"నా పిల్ల, లౌరీ..."

ముసలాయన టార్చి బల్ల మీద పెట్టాడు. వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. పక్కన మనిషి ఉన్నాడని ఇంగా శక్తి బాగా తగ్గించి, మీట నొక్కింది. సూది మెల్లగా దిగి ఒకటి మీద నిలిచింది.

"రాస్మీ... నేనే, ఇంగాని."

"హమ్మయ్య! పడవ రేవు దాటకుండానే వెనక్కొచ్చింది. పిల్ల మా వంటింట్లోనే ఉంది. సూపు రెండోసారి పోయించుకుంటోంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, దున్నపోతా!" ఇంగా ఏడుస్తూ నవ్వింది.

"జవాబు రాకుండా ఎలా చెప్తాను? మర్యాద కాదూ! ఉండు, పిల్లని పిలుస్తా."

కాసేపు ఉత్త హోరు. తర్వాత — "అమ్మా..."

ఇంగా ఏవేవో అడిగింది. తడిసిందా, భయపడిందా, ఎక్కడ పడుకుంటుంది... మీట నొక్కిన ప్రతిసారీ సూది ఒకటి మీదే. ముసలాయన పాపం బిగుసుకుపోయి కూర్చుని ఉంటాడు.

"కదలకు లౌరీ, అయిపోవచ్చింది," అంది వెనక్కి తిరక్కుండానే.

జవాబు బయట్నుంచి వచ్చింది. ట్రాక్టర్ దగ్గర్నుంచి, గాలిలో, దూరంగా...

"నేనెప్పుడో బయటికొచ్చేశానే, పిల్లా! పిల్ల క్షేమమని వినగానే నీ వెనకనుంచి జారుకున్నా!"

ఇంగా చెయ్యి మీట మీదే బిగుసుకుపోయింది.

సూది ఒకటి మీద ఉంది.

వెనకాల... కుర్చీ కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

వేలు సడలింది. మీట పైకి లేచింది.

"అమ్మా? ఉన్నావా? మాట్లాడవేం?"

ఇంగా వెనక్కి చూడలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"ఇంకొక్క నిమిషం... లేవకు, ఐజక్."

మీట నొక్కింది.

సూది ఒకటి మీదే నిలబడింది.