బావ కంప్యూటర్‌లో మ్యాపు

ఊళ్ళో పాత వంతెనను వరద మింగిన మరుసటి ఏడు జరిగింది ఇది.

గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ తలుపు వేశాడు. కూర్చోమనలేదు.

"సాక్షి రేపు పొద్దున కోర్టులో నోరు విప్పితే విదేశీ ముఠా మొత్తం జైలుకే. అతన్ని దాచిన ఇంటి మ్యాపు ఒక ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. దానికి వైరస్ పట్టింది."

"ఎవడి కంప్యూటర్ సార్?" అన్నాడు ఏజెంట్ డేగ.

"మీ బావది."

డేగ పళ్ళు కొరికాడు. బావ డిపార్ట్‌మెంట్‌లోనే మ్యాపులు గీస్తాడు. ఆఫీసు పని ఇంటికి తేకూడదన్న రూలు ఆయనకు గడ్డిపోచతో సమానం.

"మ్యాపుకు పాస్‌వర్డ్ ఉంది. వైరస్ దాన్ని విరగ్గొడుతుండగా మీ అక్క స్విచ్ ఆపేసింది. అందుకే సాక్షి ఇంకా బతికున్నాడు. మన టెక్నీషియన్ వచ్చి క్లీన్ చేస్తుంది. నువ్వు కాపలా ఉండు. ఆ వీధి మీద ముఠా కన్నుంది, వేషం మార్చుకుని వెళ్ళు."

డేగ గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. గుబురు మీసం, భుజాన సంచి. తలుపు తీసిన బావ ఎగాదిగా చూశాడు.

"పెళ్ళిచూపుల నాడు ఈ మీసంతో కనబడి ఉంటే మీ అక్కని చేసుకునేవాణ్ణి కాదు."

"కంప్యూటర్‌లోకి ఏం దింపుకున్నావు బావా?"

"పేకాట గేమ్. ఊరికే ఇస్తున్నారు. తప్పా?"

"ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చావు."

"నాకు నీతులు చెప్పేంత పెద్దవాడివయ్యావా?"

"నోళ్ళు ముయ్యండి ఇద్దరూ," అంది అక్క, గది ఊడుస్తూ. "ఎవరో వచ్చారు."

టెక్నీషియన్. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, గది నిండా సెంటు. బావ చొక్కా సర్దుకున్నాడు. అక్క అది చూసింది.

"వాన వెలిసిందా?" అడిగాడు డేగ.

"గొడుగు ఇంకా ఆరలేదు."

కోడ్ సరిపోయింది.

ఆమె కంప్యూటర్ ఆన్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టింది. స్క్రీన్ మీద 'క్లీనింగ్' అని పడింది. పచ్చ గీత పాకడం మొదలైంది. గోడ దగ్గర ఇంటర్నెట్ డబ్బా మీది దీపం పిచ్చిగా కొట్టుకుంటోంది.

డేగ ఆ దీపాన్నే చూశాడు. వైరస్ పట్టిన కంప్యూటర్‌ను ఆన్ చేయకముందే ఇంటర్నెట్ వైరు పీకాలి. డిపార్ట్‌మెంట్‌లో అది అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది.

"వైరు పీకలేదేం మేడమ్?"

"అప్‌డేట్ దిగాలి."

"ఏదీ దిగడం లేదు. బయటికి పోతోంది."

ఆమె నవ్వింది. లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం.

"కదలకు డేగా. మీ జీతంతో పాటు ముఠా జీతం కూడా తింటున్నా. పాస్‌వర్డ్ విరిగింది. మ్యాపు మావాళ్ళకి చేరుతోంది. మీ సాక్షికి సాయంత్రం టీ అక్కర్లేదు."

పచ్చ గీత చివరికి చేరువైంది.

"మా ఆయన్ని చూసి నవ్వితే ఊరుకున్నా," అంది అక్క. "మా తమ్ముడి మీదికి తుపాకీయా?"

చీపురు తిరగేసి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. తూటా సీలింగుకు తగిలింది. డేగ స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. బ్లేడు బయటికొచ్చింది. డబ్బా వైరు తెగింది.

గీత వెంట్రుకవాసిలో ఆగింది. 'కనెక్షన్ లేదు' అని పడింది.

ఆమెను జీపెక్కించి పంపాక అసలు క్లీనింగ్ మొదలైంది. డేగ డిస్క్ మొత్తం తుడిచేశాడు. సిస్టమ్ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడు.

బావ జేబులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు. "వైరస్ పట్టగానే నా ఫొటోలూ గేమూ ఇందులో దాచుకున్నా. తిరిగి ఎక్కించు."

డేగ దాన్ని నేలమీద వేసి బూటుతో తొక్కాడు. "వైరస్ కూడా ఇందులోనే దాక్కుంది."

"మా పెళ్ళి ఫొటోలురా అవి!"

"పోతే పోనీ," అంది అక్క.

మర్నాడు పొద్దున డేగ సాక్షిని కోర్టు మెట్ల దగ్గర దింపాడు. తిరిగి వస్తూ ఒక పేకముక్కల కట్ట కొన్నాడు. బావ కీబోర్డు మీద పెట్టాడు.

"దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు బావా."

బావ కట్ట విప్పి, ఒక్కో ముక్కనూ ముందూ వెనకా తిప్పి చూశాడు, వైరస్ ఉందేమోనని.