ఐదు కట్టల గోంగూర

ఆ ఆదివారం ఫ్రిజ్ తలుపు మీద అమ్మ అంటించిన చీటీలో నాలుగు పనులున్నాయి.

కూలర్‌లో నీళ్లు పోయాలి.
స్కూలు బూట్లు తుడుచుకోవాలి.
బాబాయి వచ్చేలోగా హాలు సర్దాలి.
దశరథ్ భయ్యా దగ్గర గోంగూర తేవాలి.

పదకొండయ్యేసరికి ప్రణతి మూడు పనులు చేసేసింది. నాలుగోదానికి బద్ధకం వేసింది. దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో వాళ్ల క్వార్టర్ మూడో అంతస్తులో ఉంది. దశరథ్ కూరగాయల బండి గేటు బయట ఉంటుంది. ఎండేమో మండిపోతోంది.

అమ్మ ఫోన్‌ని ప్రణతి తీసి చూసింది. సరుకులు ఇంటికి తెచ్చే యాప్‌లో గోంగూర ఉంది! కట్ట పదిహేను రూపాయలే. దశరథ్ ఇరవై చెప్పాడు. ప్రణతి బటన్ నొక్కింది. పది నిమిషాల్లో గోంగూర గుమ్మంలో ఉంది.

"చూశావా అమ్మా, ఎంత మిగిల్చానో!"

"మరి దశరథ్‌కి చెప్పావా?"

"ఎందుకు? ఎక్కడ తక్కువుంటే అక్కడ కొనుక్కుంటాం. మనిష్టం కదా."

"మనిష్టమే" అంది అమ్మ, కుక్కర్ మూత పెడుతూ. "మొన్న గురువారం, ఆదివారానికి తెమ్మని అడిగిందెవరో మరి?"

ప్రణతి విననట్టు గోంగూర కట్టలు విప్పసాగింది. అడిగింది తనే. దశరథ్‌కి ఆ ఆకు తెలియకపోతే ఫోన్‌లో ఫోటో చూపించి, "ఐదు కట్టలు భయ్యా, పక్కా" అంది.

మధ్యాహ్నం సాయినాథ్ బాబాయి వచ్చాడు. సివిల్స్‌కి చదువుతూ హాస్టల్లో ఉంటాడు. గోంగూర పప్పు మూడుసార్లు వడ్డించుకున్నాడు. "రాజ్మా తిని తిని నాలుక చచ్చిపోయింది వదినా!" అన్నాడు. ప్రణతి కూడా నవ్వింది.

సాయంత్రం నిమ్మకాయల కోసం ప్రణతి కిందికి వెళ్లింది. బండి దగ్గర ఒక ఆంటీ గోంగూర ఆకు కొరికి, "ఛీ, ఖట్టా హై!" అని పులుపుకి మొహం చిట్లించి వెళ్లిపోయింది.

దశరథ్ ప్రణతిని చూడగానే తడి గోనెపట్టా ఎత్తాడు. కింద ఐదు కట్టలు.

"ఆగయీ బేటీ, వచ్చావా! మీ గోంగురా. పొద్దున రెండు కూరగాయల మండీలు తిరిగితే దొరికింది. వాడిపోకుండా గంటగంటకీ నీళ్లు చల్లుతున్నాను" అన్నాడు హిందీలో.

ప్రణతి ఉన్నది చెప్పేసింది. "భయ్యా... నేను యాప్‌లో కొనేశాను."

దశరథ్ చేయి గోనెపట్టా మీదే ఆగిపోయింది.

"కోయీ బాత్ నహీఁ, ఫరవాలేదు. చవగ్గా ఎక్కడుంటే అక్కడే కొంటారు. ఒక్కసారి ముందే చెప్పుంటే తెచ్చేవాణ్ని కాదు బేటీ. ఇక్కడ మీవాళ్లు తప్ప ఇంకెవరు తింటారు?"

ప్రణతి చేయి చాచింది. "ఆ కట్టలు ఇటివ్వండి భయ్యా. మా తెలుగువాళ్లకి అమ్మి డబ్బులు తెచ్చిస్తాను."

"నువ్వు దుకాణం పెడతావా?" నవ్వాడు దశరథ్.

"తెమ్మన్నది నేనే కదా!"

ప్రణతి పక్క బ్లాకులో ఉండే తెలుగావిడ కమలాకుమారి ఆంటీ వాళ్ల తలుపు కొట్టి, గోంగూర కట్ట ఇరవై అని చెప్పింది.

"యాప్‌లో పదిహేనే కదే?" అంది ఆంటీ.

"ఇది రెండు మండీలు తిరిగి తెచ్చింది ఆంటీ. నా వల్ల మిగిలిపోయింది."

ఆంటీ ఆమెకేసి చూసింది. "సరే, పచ్చడికి మూడివ్వు."

మిగిలిన రెండు కట్టలు పట్టుకుని ప్రణతి ఇంటికొచ్చి, జరిగింది చెప్పింది. అమ్మ వాటికి నలభై రూపాయలు చేతిలో పెట్టి, ఆకు తుంచడానికి కూర్చుంది. ప్రణతి మొత్తం వంద రూపాయలూ దశరథ్‌కి ఇచ్చి, నిమ్మకాయలు తెచ్చింది.

మళ్లీ గురువారం వచ్చింది. ప్రణతి ముందు యాప్‌లో ధర చూసుకుంది. తర్వాత బండి దగ్గరికి వెళ్లింది.

"భయ్యా, యాప్‌లో పదిహేను. మీరెంతకిస్తారు?"

"పద్దెనిమిది. అంతకన్నా తక్కువకి గిట్టదు బేటీ."

ప్రణతి వేళ్ల మీద లెక్కేసుకుంది. "అచ్ఛా. ఆదివారానికి రెండు కట్టలు చాలు. పక్కా."

ఆదివారం పొద్దున ఏడింటికి, అమ్మ ఇంకా చీటీ రాయకముందే, ప్రణతి సంచి తీసుకుని బండి దగ్గరికి మెట్లు దిగింది.

మీరూ ఎవరినైనా ఏదైనా తెమ్మని చెప్పారా? అయితే ఫోన్‌లో బటన్ నొక్కే ముందు, తడి గోనెపట్టా కప్పి మీ ఆకుకూరను కాపాడుతున్న దశరథ్ భయ్యాని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.