కొంగు మీద రెండు దీవులు

"పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేదానికి మూడు జతల బట్టలెందుకవ్వా?"

అన్నమ్మ వినలేదు. మనవడి బ్యాగులో మూడో చొక్కా కూడా కుక్కింది. దాని మీద దుప్పటి, దాని మీద నిమ్మకాయ ఊరగాయ సీసా.

"మీ తాత ఒకసారి భుజాన టవలేసుకొని పెనుకొండకు పోయినాడు. ఒక్క పూట పనన్నాడు. పన్నెండు దినాలకు వచ్చినాడు, అదే టవలుతో. గడప దాటేవాళ్ళ మాట నమ్మేదానికి లేదబ్బా."

ఫణి నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. హిందూపురంలో నాయన కిరాణా అంగడి మూలలో బల్ల వేసుకొని టూర్లు బుక్ చేయడం అతని పని. రెండు నెలల కిందట ధర్మవరం నుంచి అమృత అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆంటిగ్వా, బార్బుడా. కరీబియన్ సముద్రంలో జంట దీవులు. ఒక్క టికెట్ చాలు. వివరాలు ఇంటికే తెచ్చి చూపించాలి.

ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి మార్చేది. "ముందు బార్బుడా పెట్టండి. ఆ ఇసుక గులాబీ రంగన్నారు కదా, దగ్గర నుంచి తీసిన ఫోటో తెండి."

అతనూ తక్కువవాడు కాదు. ప్లాన్ ఖాయమయ్యేలా కనిపిస్తే చాలు, రెండు దీవుల మధ్య పడవ ఆగిపోయిందనేవాడు.

నిన్న ఆమె గట్టిగా చెప్పేసింది. "రేపే ఆఖరు ఫణి గారూ. తేల్చకపోతే వేరే ఏజెంటును చూసుకుంటా."

తేలిస్తే ఆమె దీవులకు పోతుంది. తేల్చకపోతే అతనికి ఆ ఇంటికి పోయే పనే ఉండదు. ధర్మవరం రైలు పెనుకొండ దాటేదాకా ఇదే గుబులు. అక్కడ వాన అందుకొని కిటికీలోంచి టూరు ఫైలంతా తడిపింది.

"ఏం సార్, పడవ నడుస్తాందా?" ఇంట్లో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని, పోగుల మధ్య నాడె ఆడిస్తూ అడిగింది అమృత.

"లేదండీ. గాలివాన."

"యాడ? ఆడనా, మీ ఫైల్లోనా?"

పక్కన జరీ చుడుతున్న ఆమె నాయన అశ్వత్థనారాయణ తలెత్తాడు. "ఏమప్పా, మళ్ళా ఫోటోలు తెచ్చినావా? కొంగు డిజైనుకు మగ్గం అట్టలు కొట్టించి నెలయింది గదా. అట్టలకు రంధ్రాలు పడినాక ఒక్క గీత కూడా మారదు. ఇంక ఫోటోలెందుకు?"

నాడె ఆగింది.

ఫణి మగ్గం మీదికి వంగి చూశాడు. నీలి పట్టు మీద జరీతో రెండు దీవులు. మధ్యలో చిన్న పడవ.

"డిజైన్ కోసమా నన్నిన్ని సార్లు తిప్పింది?"

"మొదటి నెల డిజైన్ కోసమే."

"మరి రెండో నెల?"

ఆమె తెగని పోగును తెగిందన్నట్టు వెతకసాగింది. "ముందు నువ్వు చెప్పు. పడవ నడుస్తానే ఉండాదంట, ఫోన్లో చూసినా. ఎందుకు ఆపినావు?"

"నడిస్తే నువ్వు పోతావని."

అశ్వత్థనారాయణ గొంతు సవరించుకున్నాడు. "నా చేతులు వణుకుతాండాయి, నేయలేను. ఈ పిల్ల మగ్గం వదిలి యాడికీ రాదు. హిందూపురానికి కూడా రాదు. బాగా ఆలోచించుకో అబ్బా."

ఫణి బ్యాగు తెచ్చి మగ్గం పక్కన పెట్టాడు.

"మూడు జతలున్నాయి. ఈ ఊర్లో బాడుగకు గది దొరుకుతుందా అయ్యా?"

జిప్పు సందులోంచి సీసా మూత కనిపించి అమృత పకపకా నవ్వింది. "ఊరగాయతో సహా వచ్చినావా!"

వారం తిరిగేసరికి టూర్ల బల్ల ధర్మవరం చేరింది. మాఘమాసంలో పెండ్లయింది. అమృత ఆ నీలి చీరే కట్టుకుంది. అన్నమ్మ అక్షింతలు వేస్తూ, "ఊరికే పెట్టినాననుకున్నావా మూడో చొక్కా?" అని మనవడి చెవిలో అంది. అని, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ దీవులను వాళ్ళింకా కొంగు మీదే చూస్తున్నారు. పడవ ఎప్పుడెక్కాలో ప్లాన్ మాత్రం రోజూ మారుతోంది.

2023 అక్టోబరు 11, బుధవారం ఉదయం హిందూపురంలో సాయంత్రానికి వస్తానని గడప దాటిన ఫణి, చుట్టపుచూపుగా తప్ప ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.