బియ్యం డబ్బాలో అమానత్

"బియ్యం డబ్బాలో మాత్రం వద్దంటే వద్దు," అంది షహర్‌బాను, అప్పటికి నాలుగోసారి. "పొద్దున గ్లాసు ముంచితే టక్కుమని తగిలింది. తినే బియ్యంలో ఆ శని ఏందయ్యా?"

"మరి యాడ పెట్టమంటావు? ఉండేది రెండు గదులు. బీరువాకు తాళం లేదు," అన్నాడు అబ్దుల్ ఖుద్దూస్ చాప మీద కూర్చుని.

"ఇచ్చినోడి ఇంట్లో పెట్టుకోమను."

ఆమె ఆయన ముందు సగం గ్లాసు టీ పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అరబ్బు దేశంలో, కబ్ద్ ఎడారిలోని ఆ తోటకు ఖుద్దూస్ ఇరవై రెండేళ్లుగా కాపలాదారు. గొర్రెల దొడ్డి, నలభై ఖర్జూరపు చెట్లు, చివర రేకుల కప్పుతో రెండు గదులు. షహర్‌బాను ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి కూడా, తోట యజమాని అయిన ఆ కఫీల్ పేరు మీదే. సెలవు రోజుల్లో తోటకు వచ్చే వాళ్లకు వంట చేసేది ఆమె. ఆ రోజు శుక్రవారం, సెలవు కావడంతో మంగఫ్ నుంచి కూతురు ఇఫ్ఫత్, అల్లుడు హబీబ్ వచ్చారు. కూతురు టైలరింగ్ షాపులో పని చేస్తుంది. అల్లుడు షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్.

నాలుగు రోజుల కిందట కఫీల్ కొడుకు సాలెం తువ్వాలులో చుట్టి ఒక పిస్తోలు తెచ్చాడు. ఎలా పట్టుకోవాలో రెండు నిమిషాలు చూపించి, "ఇది నీ దగ్గర అమానత్," అని ఖుద్దూస్ చేతిలో పెట్టి వెళ్లాడు. అమానత్, నమ్మి అప్పగించిన సొత్తు, అంటే ఖుద్దూస్‌కు మాట కాదు, ప్రాణం. కఫీల్ ఇంటివాళ్ల గుడారాలు, తాళాలు, ఒకసారి ఇసుకలో పడిపోయిన పెద్దామె బంగారు గాజు, ఏదీ ఆయన చేతిలో పోలేదు. అందుకే వద్దనడానికి నోరు రాలేదు.

"అత్తా, వస్తువు మంచిదే," అన్నాడు హబీబ్ ఫోన్ చూస్తూ. "కొన్నోళ్లు రాసిండేది విను. నాలుగున్నర స్టార్లు. ధర తక్కువంట. కింద బాడీ ప్లాస్టిక్ కాబట్టి తేలిక, చెమటకు తుప్పు పట్టదంట. వెయ్యిసార్లు కాల్చినా ఒక్కతూరి ఇరుక్కోలేదంట. ట్రిగ్గరు కొంచెం బరువు, అంతే."

"సాలెం దగ్గర ఖరీదైనవి రెండు ఉండాయి గదా. వాట్లో ఒకటి మీ మామకు ఎందుకియ్యలా?" షహర్‌బాను రొట్టె తిప్పుతూ అడిగింది. "పోతే పోనీ అనుకునేది తెచ్చి మనకిచ్చినాడు. వాని లెక్కలో మనమూ అంతే."

"అసలు సంగతి అది కాదమ్మా," అంది ఇఫ్ఫత్. "లైసెన్స్ సాలెం పేరు మీద ఉంది. అది నాయన చేతిలో పోలీసులకు దొరికితే జైలు, ఆ తర్వాత డిపోర్ట్. సాలెం వచ్చి నేనే ఇచ్చినా అంటాడా?"

"నువ్వు ఊరికే భయపెట్టొద్దు," అంటూ హబీబ్ డబ్బాలోంచి దాన్ని తీశాడు. ఫోన్ భార్య చేతికిచ్చాడు. పిస్తోలుకు అంటుకున్న రెండు బియ్యపు గింజలు దులిపి, పిడి కింద నొక్కి తూటాల మ్యాగజైన్ బయటికి లాగాడు. గ్యారేజీలో కొత్త పార్టు చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నిజంగానే తేలిక. ట్రిగ్గరు ఎంత బరువో చూద్దాం."

ఎదురుగా గోడకున్న క్యాలెండర్ వైపు గురి పెట్టాడు. ఆ క్యాలెండర్ కిందే షహర్‌బాను రొట్టెలు కాలుస్తోంది.

"దించు హబీబ్. ఆటలా?"

"ఖాళీదే అత్తా! బ్యాటరీ తీసేసినాక బండి స్టార్ట్ అవుతుందా?"

"ఆగు," అంది ఇఫ్ఫత్. ఆమె కళ్లు ఫోన్ మీదే ఉన్నాయి. గొంతు మాత్రం మారిపోయింది. "దాన్ని నేల మీద పెట్టు. ముందు పెట్టు, చెప్తా."

హబీబ్ నవ్వుతూనే పెట్టాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆగి ఆగి తెలుగులో చెప్పింది.

"ఒకాయన అయిదు స్టార్లు ఇచ్చినాడు. 'ఈ ధరకు ఇంత నమ్మకమైనది దొరకదు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ రోజు మ్యాగజైన్ తీసేసినాను కాబట్టి ఖాళీ అనుకున్నాను. లోపల తూటా ఒకటి మిగిలుంది. మా తమ్ముడు ఎదురుగా కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. పిస్తోలు తప్పేమీ లేదు, అది చెయ్యాల్సిన పనే చేసింది. అందుకే అయిదు స్టార్లు. కొనేవాళ్లు ఇది చదవాలని రాస్తున్నా.'"

పొయ్యి మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది.

హబీబ్ పిస్తోలును మెల్లగా తీసుకుని, తలుపు బయట ఇసుక వైపు తిప్పి, పై భాగాన్ని వెనక్కి లాగాడు. చిటికెన వేలంత తూటా ఒకటి ఎగిరి చాప మీద పడింది. దొర్లుకుంటూ పోయి ఖుద్దూస్ టీ గ్లాసుకు తగిలి ఆగింది.

"యా అల్లా," అన్నాడు హబీబ్. "అత్తా... నేను నొక్కబోయినా."

షహర్‌బాను పొయ్యి ఆర్పింది. కొంగుతో ముఖం తుడుచుకుని నేరుగా భర్త ముందుకొచ్చి కూర్చుంది.

"నాలుగు దినాలుగా ఆ డబ్బాలో గ్లాసు ముంచతాండా. నీకు తెలుసా లోపల ఉందని?"

"తెలీదే. ఒట్టు. సాలెం నాకేం చెప్పలా."

"తెలీందాన్ని ఎందుకు తీసుకుంటివి?"

"తీసుకోకుంటే ఇఖామా ఖలాస్!" ఖుద్దూస్ మొదటిసారి గొంతు పెంచాడు. "దొంగలు ఆరు గొర్రెల్ని ఎత్తకపోయినారు గదా. సాలెం ఏమన్నాడో తెల్సా? 'ముసలోడివైపోయినావు. ఈ సారి దొంగలొస్తే కాల్చు, లేకుంటే పై నెల రెన్యూవల్ లేదు, ఇంకొకణ్ణి పెట్టుకుంటా' అన్నాడు. అరవై దాటినోడికి ఇంకెవడు పనిస్తాడు? ఊర్లో నాకేముంది? ఇన్నేండ్లూ ఆడికి చుట్టం మాదిరి పోయొస్తాండా."

"కాల్చేదానికి చెయ్యి నిలబడాల గదా నాయనా," అంది ఇఫ్ఫత్ మెల్లగా.

ఆయన రెండు చేతులూ చటుక్కున లుంగీ మడతల్లోకి పోయాయి. "ఎవరు చెప్పినారు నీకు? మీ అమ్మా?"

"అమ్మ ఏం చెప్పలా. నీకు సగం గ్లాసే పోస్తాది గదా. నిండా పోస్తే తొణుకుతుందని. వచ్చినప్పుడల్లా చూస్తానే ఉండా."

ఖుద్దూస్ భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఏడాదిగా తాను దాచుకున్నాననుకున్నదాన్ని ఆమె కూడా ఆయనకు తెలియకుండా దాస్తూ వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఖుద్దూస్ గోడకు చేరగిలబడ్డాడు. "ఇంకోటి కూడా ఉంది. మీకు చెప్పలా, సాలెంకూ చెప్పలా. గొర్రెలు పోయిన పొద్దు తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేస్తే దొడ్డి దగ్గర ముగ్గురుండారు. మొహాలకు గుడ్డలు. కట్టె పట్టుకుని పోతే ఒకడు నన్ను తోసినాడు. ఇంకొకడు వాణ్ణి పట్టుకుని, 'రేయ్, పెద్దాయన్ని ముట్టుకోవద్దురా, ఎవురి తండ్రో' అన్నాడు."

"అరబ్బీలోనా?" అన్నాడు హబీబ్.

"తెలుగులో. మన సైడు మాటే. రాయచోటో, గాలివీడో. జీతం రాక ఏ కంపెనీలోంచి బయటపడినాడో." ఆయన చాప మీది తూటాను చూశాడు. "ఆ పొద్దు ఇది నా చేతిలో ఉండింటే?"

షహర్‌బాను లుంగీ మడతల్లోంచి ఆయన చేతిని బయటికి లాగి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది వణుకుతూనే ఉంది. ఆమె కళ్లలోంచి నీళ్లు దాని మీద పడ్డాయి. "అల్లుడు గురి పెట్టింది నన్ను. నువ్వు గురి పెట్టేది మనోణ్ణి. ఏం బతుకయ్యా ఇది," అంది.

జుమా నమాజుకు వేళైంది. హబీబ్ తూటాను, పిస్తోలును వేరు వేరు గుడ్డల్లో చుట్టి బీరువా మీద పెట్టాడు. మామా అల్లుళ్లు మసీదుకు బయలుదేరారు. నమాజు తర్వాత ఖుద్దూస్ మసీదు గోడ నీడలో నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు. అల్లుణ్ణి కారులో కూర్చోమన్నాడు.

షహర్‌బాను ఆ డబ్బాలోని బియ్యం వండలేదు. మిగిలిన రొట్టెలే తిన్నారు. తిన్నాక ఆమె టీ పోస్తుంటే ఖుద్దూస్ గ్లాసు ముందుకు జరిపాడు.

"నిండా పొయ్యి," అన్నాడు.

ఆమె ఒక క్షణం చూసి, నిండా పోసింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. టీ వేళ్ల మీదుగా కారింది. చొక్కా మీదా, చాప మీదా పడింది. తుడవడానికి ఇఫ్ఫత్ లేవబోతే వద్దని తల ఊపాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"పెద్ద బాబాతో, సాలెం వాళ్ల నాయనతో మాట్లాడినా," అన్నాడు అందరికీ వినపడేలా నెమ్మదిగా. "అమానత్ వద్దనలా. మోయలేనని చెప్పినా. చేతులు వణుకుతాయని కూడా చెప్పినా. సాయంత్రం అసర్ నమాజు తర్వాత సాలెంను పంపిస్తాడు, తీసుకుపోయేదానికి. మా ఇద్దరి ఇఖామాలు క్యాన్సిల్ చెయ్యమన్నా. ఈ నెలాఖరుకు నేనూ మీ అమ్మా రాయచోటికి పోతాండాం."

బయట గొర్రెలు నీళ్ల కోసం అరుస్తున్నాయి. ఆయన చెయ్యి తుడుచుకోకుండానే లేచి దొడ్డి వైపు నడిచాడు.