చివరి గదిలో టైపు మిషను చప్పుడు

మా స్టూడియో రచయితల భవనంలో కింద చివరి గది మంచిది కాదు. హాలీవుడ్‌లో ఎవరినడిగినా చెబుతారు. గస్ హార్లన్ అక్కడే పోయాడు పాపం... డిటెక్టివ్ సినిమాలు రాసీ రాసీ, తెరమీద ఒక్కసారైనా తన పేరు చూసుకోకుండానే టైపు మిషను మీద తల వాల్చేశాడు. అప్పట్నించీ రాత్రిళ్ళు ఆ గదిలో టకటకమని వినిపిస్తుందంటారు.

నాకు దెయ్యాలమీద నమ్మకం లేదు. నిర్మాతలమీద అసలే లేదు.

ఇది పై అంతస్తులో నా పక్క గదిలో ఉండే లైల్ ప్రూయెట్ చెప్పింది. వాడికీ ఇంతవరకూ తెరమీద పేరు పడలేదు. ప్రతి సినిమాకీ వాడి పెళ్ళాం, పేర్లు వస్తున్నంతసేపూ వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. పేర్లయిపోగానే మెల్లిగా వదిలేస్తుంది. ఈసారి మాత్రం తెల్లారేలోగా ముగింపు ఇస్తే నీ ఒక్కడి పేరే వేస్తానని నిర్మాత రోస్కో మాటిచ్చాడు.

ఆ రాత్రి వాన. కథలో హంతకురాలు పట్టుబడాలా, తప్పించుకోవాలా? ఎంతకీ తెగట్లేదు. కాఫీ అయిపోయింది. ఒళ్ళు పచ్చిపుండులా ఉంది.

అప్పుడు... టక టక టక.

కిందినించి.

ఆగింది. మళ్ళీ మొదలైంది. లైల్ బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. చివరి గది తలుపు కింద సన్నటి వెలుతురు... లోపల ఎవరో గొణుగుతున్నారు—

"తలుపు మూసి వెళ్ళు, పిల్లా. చలి లోపలికొస్తోంది."

లైల్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. అది వాడి కథలో డిటెక్టివ్ అనే మాట! మొన్ననే రాశాడు. రోస్కోకి తప్ప పురుగుక్కూడా చూపించలేదు.

కళ్ళు మూసుకుని తలుపు తోశాడు.

లోపల ఓ లావుపాటి పెద్దావిడ. వెర్నా కెస్లర్, వేరే స్టూడియోలో రాసేది. కాళ్ళు కుర్చీమీద బారజాపి, శాండ్‌విచ్ తింటూ టైపు చేస్తోంది.

"ఎవరయ్యా నువ్వు! హడలగొట్టి చంపుతావా?"

"లైల్ ప్రూయెట్‌నండీ... అది నా కథ."

ఆవిడ చేతిలో శాండ్‌విచ్ కింద పడింది.

"ప్రూయెట్... పోయాడన్నారే!"

మాలో ఓ కట్టుబాటుంది. బతికున్నవాడి కథని, వాడికి చెప్పకుండా ఇంకొకరు ముట్టుకోరు. అందుకని రోస్కో ఆవిడ దగ్గర మావాణ్ణి నోటితోనే చంపేశాడు. అంతే!

"ఎలా పోయానన్నాడు?"

"నిద్రలోనట."

"నిద్రా! నా మొహానికి అంత అదృష్టం కూడానా?"

ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

"పేరు నా ఒక్కదానిదే వేస్తానన్నాడు, నాయనా," అందావిడ నీరసంగా. దాంతో నవ్వు ఆగిపోయింది.

అప్పుడు... టక టక టక.

పైనించి. లైల్ గదిలోంచి.

ఇద్దరూ తలెత్తి పైకప్పు వంక చూశారు.

"గస్సేనంటావా?" గుసగుసగా అడిగింది వెర్నా. "లేకపోతే... రోస్కో ఇంకొకణ్ణి కూడా పెట్టాడా?"

మేడెక్కి చూసే ఓపిక లైల్‌కి లేదు. గుమ్మంలోనే కూలబడి, రెండు చేతులూ జోడించాడు.

"దేవుడా... అది దెయ్యమే అయ్యుండాలి!"