ఎడమచేతి పదును

వచ్చినామె ఏడవలేదు. గుడ్డలో చుట్టి తెచ్చిన కత్తిని బల్లమీద పెట్టి, "ఇది నాది కాదు సార్. నాది ఎవరో తీసుకుని, దాని చోట దీన్ని పెట్టారు," అంది.

ఆ డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారంటారు. కొంపలంటుకున్నా ముందు కళ్లజోడు తుడుచుకునే మనిషి. ఆయన శిష్యుడు మాత్రం గురువు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం.

ఆమె ఉద్యోగుల హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. భర్త పోయి ఏడాది కావస్తోంది. పోయిన కత్తి ఆయన కొనిచ్చింది. జపాన్ పద్ధతి కత్తి, పలుచటి గట్టి ఉక్కు, తేలికైన చెక్క పిడి. ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేతివాళ్ల కోసమే చేసిన కత్తుల ధర వింటే గుండె గుభేలుమంటుంది. అందుకని ఆయన కాళ్లరిగేలా షాపుకి తిరిగి, అందరికీ అమ్మే చవకరకాల్లోనే ఉక్కు బాగున్నదాన్ని ఏరుకున్నాడు. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా తడిరాయి మీద రుద్ది, అంచు వాలుని ఆమె చేతికి తగ్గట్టు మార్చాడు.

"ఇంకోటి కొనుక్కోమంటున్నారు అందరూ. అది షాపుల్లో దొరికేది కాదు సార్," అంది ఆమె.

నిదానంగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మారిందని ఎలా తెలిసింది?"

"కీరా కోస్తుంటే ముక్కలు వంకరపోయాయి. చూడ్డానికి మాత్రం తేడా లేదు. ఆయన రుద్దీ రుద్దీ నా కత్తి పొడవూ వెడల్పూ కాస్త తగ్గాయి. ఇదీ అచ్చం అంతే ఉంది."

"రాత్రిళ్లు ఎక్కడుంటుంది?"

"ఇంట్లోనే. మెస్సులో వదలను."

దానిమీద ఎవరి కన్నుందని అడిగితే ఇద్దరి పేర్లు బయటికొచ్చాయి. అందరూ మెస్సు కత్తులే వాడాలని యజమాని ఒకటే పోరు. అన్నయ్య గుర్తుగా తనకిమ్మని మరిది అడిగాడు, ఆమె ఇవ్వలేదు. ఇంట్లో ఆమె, మరిది కాక ఉండేది అత్తగారే, ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చివరగా ఆమె ఇంకో మాట చెప్పింది. పదును పోయింది, కరెంటు సాన దగ్గర పట్టించుకొస్తానని ఇంట్లో అన్న మర్నాడే కత్తి మారిందట.

గురుశిష్యులు తిన్నగా ఆ కత్తుల షాపుకెళ్లారు. ఆమె తెచ్చిన కత్తిని చూపిస్తే, అది అదే రకంలో చిన్న సైజుదని షాపాయన చెప్పాడు. దాన్ని అమ్మినతను ఊళ్లో లేడు. కానీ కొన్నవాళ్లు మర్చిపోయిన కాగితం గల్లాపెట్టె దగ్గరుంది. కత్తి ఆకారంలో కత్తిరించిన అట్టకాగితం. అంచు ఎక్కడా వణకలేదు. పిడి మొదలయ్యే చోట కత్తెరతో పెట్టిన చిన్న గాటు ఉంది. శిష్యుడు దాన్ని తిప్పి తిప్పి చూసి, మరిది పనేనని తేల్చేశాడు. గురువు ఆ కాగితాన్ని అడిగి తీసుకున్నారు.

సాయంత్రం అందరూ ఆ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. నా మెస్సు పరువేం కావాలని యజమాని గొణుగుతున్నాడు. మరిది తల దించుకున్నాడు. అత్తగారు మిషను ముందునుంచి లేవలేదు.

"దొంగ తీసుకుపోతాడు. బదులు పెట్టి పోడు," అన్నారు నిదానంగారు. "కత్తి కావాలి, కానీ ఈమె పని ఆగకూడదు అనుకున్న మనిషి చేసిన పని ఇది. యజమానిగారికి తన కత్తులుండగా ఇంకోటి కొనే ఖర్మేంటి? మరిదికి కావాలంటే నోరు తెరిచి అడిగాడు, ఈమె ఇవ్వనంటే ఊరుకున్నాడు. ఈ కొలత తీసిన చేతికి మాత్రం అడగడం చేతకాలేదు."

గోడమేకుకి వేలాడుతున్న కుట్టు నమూనా కాగితాల పక్కన ఆయన షాపునుంచి తెచ్చిన అట్టకాగితాన్ని పట్టుకున్నారు. కుట్టు కలవాల్సిన ప్రతిచోటా అవే గాట్లు.

"పొడవూ వెడల్పూ వెంట్రుకవాసి తప్పలేదమ్మా. కానీ అంచు వాలు కాగితానికి తెలీదు. అక్కడే దొరికిపోయారు."

అత్తగారు మిషను సొరుగు లాగి, కొడుకు చొక్కాముక్కలో చుట్టిన కత్తిని ఒళ్లో పెట్టుకుంది.

"వాడి చెయ్యి చివరిసారి ఆడింది దీనిమీదే. కరెంటు చక్రం కింద పెడితే ఇంక వాడిదేం మిగులుతుంది? అడిగితే నువ్వివ్వవు. నీకిచ్చినదాన్ని ఇమ్మని ఏ మొహంతో అడగను?"

అంతటి శిష్యుడూ తల తిప్పేసుకున్నాడు. కోడలు అత్తగారి పక్కన కింద కూర్చుంది.

"ఆ పదును ఎప్పుడో పోయింది అత్తయ్యా. పట్టించబుద్ధి కాక నేనూ ఇన్నాళ్లూ మొద్దుకత్తితోనే నెట్టుకొచ్చాను."

ఆమె ఎడమ మణికట్టు వాచి ఉంది. అత్తగారు దాన్ని పట్టుకుని చూసింది. ఇది నొప్పెట్టకూడదనేగా వాడంత కష్టపడ్డాడు అని నెమ్మదిగా అంది. కత్తిని ఆమె ఒళ్లోకి మార్చింది.

"చక్రం వద్దమ్మాయ్. నువ్వే రుద్దు. వాడు రుద్దుతుంటే చూశావుగా."

నిదానంగారు ఫీజు మాటెత్తకుండా చెప్పులేసుకున్నారు. వంటింట్లో కోడలు రాయి తడిపి, కత్తి ఆనించి, భయంభయంగా రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి కుదిరింది. ఏడాదిగా వినపడని ఆ బరబర చప్పుడు ఇల్లంతా పరుచుకుంది.

బట్టలు మడతపెడుతున్న అత్తగారు తల ఎత్తకుండానే, "ఇంక చాల్లే నాయనా, భోజనానికి రా," అంది.

అన్నాక ఆవిడ చేతులు ఆగిపోయాయి. కోడలు కళ్లు తుడుచుకోలేదు, రుద్దడం ఆపలేదు.