ఉప్పు చూడని హలీం

"ఉడికిస్తే చస్తుందా సర్?"

"బతికుంటేగా చావడానికి!" ఫోన్‌లో చీఫ్ పాండురంగారావు విసుక్కున్నాడు. "అది క్రిమి కాదు, ప్రయాన్. వంకర తిరిగిన ప్రోటీన్. తిన్నవాడి పేగుల్లోంచి లింఫ్ కణుపుల్లోకి, ప్లీహంలోకి దూరుతుంది. అక్కడ పెరిగి, నరాలు పట్టుకుని వెన్నుపాముకి, మెదడుకి ఎక్కుతుంది. దానికి ఏళ్లు పడతాయి. అప్పటికి ఏ విందులో తిన్నాడో ఎవడికి గుర్తుంటుంది? ఆ విదేశీ ముఠాకి కావలసింది అదే. తాడేపల్లిగూడెం ఇఫ్తార్ వాళ్ల ట్రయల్. హలీంలో కలపబోయే ఆ ప్రయాన్ పొడి ఎవరి నోట్లోకీ పోకూడదు. ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్ ఖుష్బూ నిన్ను కలుస్తుంది."

అది 2003 నవంబర్. ఏజెంట్ హసన్‌కి యాభై నాలుగేళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఈ వయసులో మారువేషమంటే వంటమాస్టర్ అబ్దుల్ మజీద్ దగ్గర మూడు రోజులుగా ఉల్లిపాయలు తరగడం. దేశం కోసం ఇంత ఏడ్చినవాడు సర్వీసులో మరొకడు లేడు. ఆఫీసువాళ్లిచ్చిన ట్రాన్స్‌మిటర్ పెన్ను పొద్దున్నే మూగబోయింది.

ఆ రోజు మజీద్ మనవరాలు మున్నీకి మొదటి రోజా, అంటే తొలి ఉపవాసం. ఏడేళ్ల పిల్ల పూలదండ వేసుకుని, వాడిన మొహంతో హలీం డేగిసా వైపే చూస్తోంది. ఆ చూపుకి హసన్ ప్రాణం ఉసూరుమంది.

ఇఫ్తార్‌కి ఐదు నిమిషాలుందనగా నల్లకళ్లద్దాలతో, అత్తరు ఘుమఘుమలతో ఒకామె వంటపందిట్లోకి వచ్చింది.

"కొల్లేట్లో కొంగలు దిగాయా?"

"నీళ్లు తీశాక దిగుతాయండీ," హసన్ కోడ్ పూర్తిచేశాడు.

ఖుష్బూ. ఏలూరు తివాచీ నేతగాళ్లింటి పిల్ల అని ఫైల్లో చదివాడు.

"పొడి నా చేతికి చిక్కింది. హలీం భద్రం. ఇక మీరు వెళ్లొచ్చు," అంటూ ఆమె మజీద్‌కి చెంచా అందించింది. "ఏవండీ, ఉప్పు సరిపోయిందేమో చూడండి."

మజీద్ తెల్లబోయాడు. "రోజాలో ఉన్నవాణ్ని రుచి చూడమంటారేంటమ్మా? ఈ నెలంతా వాసన చూసే వండుతామండీ."

హసన్ చటుక్కున ఆమె వంక చూశాడు. ఏలూరు ముస్లిం ఇంట పుట్టిన పిల్ల ఆ మాట అనదు. ఫైలంతా బూటకం. అయితే పొడి ఈపాటికే డేగిసాలో కలిసిపోయింది.

ఆ చూపు పసిగట్టి ఆమె తన చేతిసంచిలోంచి పిస్టల్ తీసింది. మజీద్ తెడ్డు ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ ఎగిరిపోయింది, ఆమె కూలబడింది. అంతలో ఉపవాసం విడిచే అజాన్‌కి మసీదు మైకు గరగరలాడింది. పందిరి బయట మున్నీ తల్లి నజ్నీన్ అప్పటికే కూతురికి గిన్నె నింపి ఇచ్చేసింది. చెంచా మున్నీ పెదవుల దగ్గరుంది.

హసన్ మోకాళ్లు మరిచి దూకాడు. గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది.

"ఎవరూ తినకండి! బల్లి పడింది!"

ప్రయాన్ సంగతి చెప్పడానికి ఆర్డర్లు లేవు మరి. మూడొందల మంది ఖర్జూరాలూ నీళ్లతో సరిపెట్టుకున్నారు. మున్నీ ఖర్జూరం నములుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది. హసన్‌కి ఆ పిల్ల కాళ్లు పట్టుకోవాలనిపించింది. మజీద్ పిస్టల్‌ని క్షమించాడు గానీ, బల్లిని క్షమించలేదు.

"ఎంతమంది తిన్నారు?" ఫోన్‌లో చీఫ్.

"ఒక్కరూ తినలేదు సర్. ఖుష్బూని కట్టేసి ఉంచాం. నాకు మాత్రం ఈ జన్మలో గూడెంలో ఎవరూ అన్నం పెట్టరు."